డల్సీకి తెలియదు

కొరింబా ఫ్లాట్,
న్యూ సౌత్ వేల్స్,
ఆగస్టు 9

ఒరేయ్ ఇన్నిస్,

ఫోన్ చేస్తే ఊ, ఆ తప్ప మాట్లాడవు. కాగితం మీదైతే కాస్త మనిషిలా ఉంటావని ఎప్పటిలాగే ఉత్తరం రాస్తున్నాను. ముందు చెడ్డ కబురు. మన డల్సీ పోయింది. పది రోజుల కింద, పొద్దున మందని పాలకి తోలుకొద్దామని వెళితే మిట్ట మీద యూకలిప్టస్ చెట్ల కింద పడుకున్నట్టే ఉంది. మీ బావ ట్రాక్టరుతో గొయ్యి తీశాడు. కళ్లెర్రబడ్డాయేమిటి వారిక్ అంటే పొగ తగిలిందన్నాడు. ఆ చుట్టుపక్కల పొగ ఎక్కడుందో నాకైతే కనబడలేదు.

ఏటికి నీళ్లొచ్చిన ప్రతిసారీ మనకన్నా ముందు ఆ ముసలిదే మిట్టెక్కేది. మిగతా మంద దాని వెనకాల. ఏటి నీటిమట్టం చెప్పడానికి నువ్వు రాసి దాని పేరు పెట్టిన ప్రోగ్రాం మాత్రం ఇంకా బతికే ఉంది. పాలషెడ్డులో గంట కూడా ఉంది. గుర్తుందా, మొదటి ఏడాది ఏట్లో ఉన్న కొలకర్ర నుంచి కబురు కాసేపు ఆగితే చాలు, ఆ గంట గణగణమనేది. ఆవులు బెదిరిపోయి పాలు ఎగచేపేవి. నీ చెవులు చిల్లులు పడేలా నేను తిట్టాక సరిచేశావు. అప్పట్నుంచి బుద్ధిగా ఉంది.

ఇంకో వింత. పోయిన వారం ఎవడో కుర్రాడు కారేసుకుని వచ్చి "డల్సీ ఇల్లు ఇదేనాండీ?" అన్నాడు. ఆవుని కొనడానికి వచ్చాడేమో అనుకుని చచ్చిపోయింది బాబూ అన్నాను. వాడి మొహం మాడిపోయింది. తీరా చూస్తే నీ గంటతో ఫోటో దిగడానికి వచ్చాడట! ఏంట్రా ఇది? ఏం చేస్తున్నావక్కడ?

మీ అక్క,
నెరిడా


హోబార్ట్,
సెప్టెంబర్ 2

అక్కా,

డల్సీ గురించి చదివాను. చిన్నప్పుడు దాని మీద ఎక్కబోయి బురదలో పడ్డది నేనే కదా. బావకి చెప్పు, ఇక్కడ కూడా పొగ తగిలింది.

ఆ కుర్రాడి సంగతి. నవ్వకుండా చదువు. నీ కోసం రాసిన ఆ ప్రోగ్రాంని ఎవరైనా ఊరికే తీసుకోవచ్చని నెట్‌లో పెట్టాను కదా, ఓపెన్ సోర్స్ అని. నాలుగేళ్లపాటు దాన్ని వాడినవాళ్లు ముగ్గురంటే ముగ్గురు. నువ్వు, ఫిజీలో ఒక ఏటి పక్కన బడి నడిపే మారికా మాస్టారు, ఎన్నడూ నోరు విప్పని ఇంకొకడు. ఈ చలికాలం మారికా మాస్టారు ఎక్కడో రాశాడు, వరదకి ముందే డల్సీ చెప్పబట్టి పిల్లల పుస్తకాలన్నీ అటక మీదికి ఎక్కించగలిగామని. దానికి డల్సీ అనే పేరు ఎందుకొచ్చిందో, మిట్టెక్కే ఆవు సంగతి కూడా రాశాడు. అది చదివి ఒకడు ఇంకొకడికి చెప్పాడు. ప్రోగ్రాములు రాసేవాళ్లందరూ కబుర్లాడుకునే చోటికి చేరింది. ఒక పొద్దున లేచి చూస్తే వేలమంది దాన్ని మెచ్చుకున్నట్టు నక్షత్రం గుర్తులు పెట్టి ఉన్నారు. కోడ్ చూసి కాదక్కా, ఆవుని చూసి!

ఇక ఆగలేదు. ఒకామె దాన్ని బెంగాలీ భాషలోకి మార్చింది. ఒకడు సైరన్ తగిలించాడు. ఎక్కడో ఒక ఊళ్లో వీధి బోర్డుల మీద నీటి మట్టం చూపించేది దీంతోనేనట. వాళ్లకి నా పేరు కూడా తెలియదు. బోర్డు మీద అక్షరాలు చిన్నగా ఉన్నాయని ఫిర్యాదు రాస్తే అప్పుడు నాకు తెలిసింది. ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరికీ చెప్పక్కర్లేదు, ఇందులో పద్ధతే అది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి ఉత్తరాలన్నిటికీ జవాబులు రాస్తున్నాను. గర్వంగా ఉంది. ఈ మాట ఎవరితోనూ అనకు.

నీ ఇన్నిస్


కొరింబా ఫ్లాట్,
అక్టోబర్ 11

మహాఘనత వహించిన తమ్ముడుగారికి,

ఎవరితోనూ అనకు అన్నావు. నేను అనలేదు. మీ బావతో మాత్రమే అన్నాను. ఆయన పబ్బులో బీరు తాగుతూ మా బావమరిది ప్రపంచాన్ని వరదల నుంచి కాపాడుతున్నాడని ప్రకటించాడు. పశువుల డాక్టరు దగ్గర్నుంచి అందరూ నన్ను డల్సీ అక్కా అని పిలుస్తున్నారు. పేడ ఎత్తుతున్నప్పుడు కూడా!

ఒక సంగతి అడగాలి. మొన్నటి వానకి నీళ్లు కింది బీడు కంచె దాకా వచ్చాయి. ఫోన్‌లో చూస్తే డల్సీ "నిలకడగా ఉంది" అంటోంది. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా అదే అంకె. కళ్లెదురుగా నీళ్లు పెరుగుతుంటే నిలకడేంటి? కొలకర్రకి చెట్టుకొమ్మ తగులుకుని కబురు పంపడం మానేసిందేమో అంటాడు మీ బావ. తర్వాత దానంతటదే బాగయింది. కానీ నాకు మనసులో పీకుతోంది. వీలు చూసుకుని ఒకసారి చూడరా.

కాస్త తింటున్నావా? నీ ఉత్తరంలో తిండి ఊసే లేదు.

అక్క


హోబార్ట్,
నవంబర్ 15

అక్కా,

ఆలస్యానికి కోప్పడకు. తింటున్నాను. మీట్ పై కూడా ఒక రకం తిండే కదా.

పొద్దున లేస్తే ఫిర్యాదులు. ఒకడికి అంకెలు అడుగుల్లో కావాలి. ఒకడికి రంగు నచ్చలేదు. నిన్న ఒకడు, "ఊరికే ఇచ్చావు సరే, పనిచేసేదైనా ఇవ్వొద్దా, సిగ్గుండాలి" అని రాశాడు. వాడి కంపెనీ నా కోడ్‌ని తన సరుకులో పెట్టి అమ్ముకుంటోంది. సిగ్గు నాకుండాలట! ఒకాయన రోజూ "ఏమైంది?" అని ఒక్క మాట రాస్తాడు. ఆఫీసులో నిద్రపోతూ పట్టుబడ్డాను. మేనేజరు తలుపేసి మాట్లాడాడు.

అందుకని జీతం లేని ఒక గుమాస్తాని పెట్టుకున్నాను. వచ్చిన ఫిర్యాదుల్ని అది చూసుకుంటుంది. కాస్త ఊపిరాడుతోంది.

నువ్వు అడిగిన విషయం ఇలా ఉత్తరంలో రాస్తే నేను మర్చిపోతానక్కా. అక్కవైనా సరే, అందరూ రాసే చోటే రాయి. వరసలో రావాలి. చుట్టరికం చూసి ఒకరికి ముందు చేశానంటే మిగతావాళ్లు నన్ను నమలకుండా మింగేస్తారు. పైగా నీ ఉత్తరం ఒక్కటే ఆ గోల లేకుండా నాకు వచ్చేది. దయచేసి ఇందులో డల్సీ వద్దు. ఆవుల గురించి రాయి, బావ గురించి రాయి.

ఇన్నిస్


కొరింబా ఫ్లాట్,
డిసెంబర్ 20

ఇన్నిస్,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఎకౌంటు తెరిచి, అందరూ రాసే చోట వరసలో నిలబడి రాశాను. జవాబు కూడా వచ్చింది, నీ పేరుతో. చాలా మర్యాదగా ఉంది.

ఇక డల్సీ గురించి రాయను.

క్రిస్మస్ పండక్కి రానన్నావట, మీ బావ చెప్పాడు. హామ్ ఇద్దరికి ఎక్కువే అవుతుంది. రొయ్యలు కూడా చెప్పాం. మీ బావ నీ కుర్చీ తీయనివ్వడం లేదు, చివరి నిమిషంలో వస్తాడేమో అంటాడు. కొత్తగా పుట్టిన పెయ్యకి ఏం పేరు పెట్టాలో తేలలేదు. వానలు ఈసారి ముందే మొదలయ్యేలా ఉన్నాయి.

నెరిడా


హోబార్ట్,
జనవరి 17

అక్కా,

రాలేకపోయాను. పండగ రోజు ఒక్కణ్ణే కూర్చుని కోడ్ రాశాను. ఆ రోజే ఎక్కడో వరదొచ్చింది, ఎవడో దేశం కాని దేశం నుంచి నన్ను బూతులు తిట్టాడు. నీ పావ్లోవా కేకు తింటూ తిట్లు తిన్నా బాగుండేది.

నీకు జవాబు అందినందుకు సంతోషం.

వచ్చే నెల వెల్లింగ్టన్‌లో మాట్లాడమని పిలిచారు. చిన్న ప్రోగ్రాం పెద్దదెలా అయింది అని చెప్పాలట. ఏం చెప్పను? దానికి ఆవు పేరు పెట్టండి అని చెప్తాను. డాక్టరు నిద్రమాత్రలు రాశాడు. వాటితో నిద్రయితే పడుతోంది, కానీ లేచాక కూడా నిద్రలోనే ఉన్నట్టుంది. పెయ్యకి పేరు బావనే పెట్టమను.

ఇన్నిస్


హోబార్ట్,
మార్చి 14

అక్కా,

నీ ఫోన్ మోగి మోగి ఆగిపోతోంది. అందుకే రాస్తున్నాను.

బావ అంత్యక్రియల నాడు నీతో ఒక్క మాటైనా సరిగ్గా మాట్లాడలేకపోయాను. హాల్లో టీ బల్ల దగ్గర నిలబడితే ఒక్కొక్కరే వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. "నీ డల్సీ చెప్పబట్టి మేం బయటపడ్డాం బాబూ" అన్నారు. ఏటికి ఎగువన ఉన్నవాళ్లు, వేరే కొలకర్ర వాళ్లు. ఒకావిడ లామింగ్టన్ కేకు ముక్క చేతిలో పెట్టి తినమంది. దాన్ని పట్టుకునే నిలబడ్డాను. నువ్వు నా వైపు చూడలేదు. ఏడ్చి అలిసిపోయావనుకున్నాను.

మీ దగ్గరి కొలకర్రని వరద రోజు పొద్దున్నే దుంగ కొట్టేసిందట. ఆ కర్ర విరిగితే ఎవరేం చేయగలరు. ఎవరి చేతిలోనూ లేని పని. ఒకసారి వస్తానక్కా. కొన్నాళ్లు పాలు పితకడానికైనా పనికొస్తాను.

నీ తమ్ముడు


కొరింబా ఫ్లాట్,
ఏప్రిల్ 6

ఇన్నిస్,

రావద్దు. పాలకి పక్క పొలం వాళ్లు వస్తున్నారు.

ఎవరి చేతిలోనూ లేని పని అని రాశావు. ఆ ముక్క ఎన్నిసార్లు చదివానో. నువ్వు ఆ పొద్దున ఇక్కడ లేవు కదా, చెప్తాను, విను.

పాలు పితకడం సగంలో ఉంది. వాన గట్టిగానే ఉంది. పెయ్యలు కింది బీట్లో ఉన్నాయి. మీ బావ షెడ్డు గుమ్మంలో నిలబడి, "డల్సీ ఏమంటోంది?" అని అడిగాడు. నేను చెయ్యి తుడుచుకుని ఫోన్ చూశాను. "నిలకడగా ఉంది" అన్నాను. ఆయనకి నేను చెప్పిన ఆఖరి మాట అది. ఆయన టోపీ పెట్టుకుని, వచ్చాక టీ తాగుతానని వెళ్లాడు. గంట మోగలేదు. ఏటి మీది కాజ్‌వే దాటేటప్పుడు నీళ్లొచ్చి బండిని కొట్టాయి. మర్నాడు కంచె దగ్గర దొరికాడు. పెయ్యలు వాటంతటవే మిట్టెక్కాయి. ఒక్కటీ పోలేదు.

అక్టోబరులోనే నాకు అనుమానం ఉంది కదా, మరి ఎందుకు నమ్మానని అడుగు. నువ్వు బాగైందన్నావు కాబట్టి నమ్మాను. వెళ్లి చూసుకో. కొరింబా నెరిడా అనే పేరుతో రాశాను. మొదట నీ పేరుతో జవాబొచ్చింది, ఏ వెర్షన్, ఏ యంత్రం, ఆ తప్పుని మళ్లీ రప్పించి చూపగలరా అని. వెర్షనంటే ఏమిటో నాకేం తెలుసు? దాన్ని నా షెడ్డులో పెట్టింది నువ్వు! అక్కని అడిగినట్టు అడగలేదే అని మనసు నొచ్చుకుంది. వరసలో రమ్మన్నావు కదా, సరే, అందరితో సమానంగా చూస్తున్నాడని నోరు మూసుకున్నాను. జనవరిలో ఇంకో జవాబు. "మీ నుంచి ఏ కబురూ లేదు కాబట్టి సమస్య తీరిపోయిందని భావించి దీన్ని మూసేస్తున్నాం. మీ సహకారానికి కృతజ్ఞతలు." కింద నీ పేరు. ఆ వెనకాలే నీ ఉత్తరం, జవాబు అందినందుకు సంతోషమని.

చూశాడు, సరిచేశాడు, మొండివెధవ కాబట్టి ఆ మాట తిన్నగా చెప్పడం లేదు అనుకున్నాను. మీ బావతో కూడా అదే అన్నాను.

నెరిడా


హోబార్ట్,
ఏప్రిల్ 19

అక్కా,

చూశాను. అవి నేను రాయలేదు. గుమాస్తా అంటే మనిషి కాదు, చిన్న ప్రోగ్రాం. ఎవరు ఫిర్యాదు రాసినా అదే ప్రశ్నలు అడుగుతుంది. కొన్నాళ్లు జవాబు రాకపోతే తీరిపోయిందని మూసేస్తుంది. దానికి వేరే ఎకౌంటు తెరవడానికి బద్ధకించి నా పేరు మీదే నడిపాను. ఆ మర్యాద మాటలు మాత్రం నేనే రాసి పెట్టాను. రాసినప్పుడు బాగున్నాయనుకున్నాను.

నేను రాయలేదు అని తప్పించుకోవడానికి కాదు ఈ ఉత్తరం. నీ డిసెంబర్ ఉత్తరంలో "జవాబు వచ్చింది, నీ పేరుతో" అన్న మాట చదవగానే అది గుమాస్తా పని అని నాకు తెలిసిపోయింది. నవ్వుకున్నాను కూడా. తర్వాత చూద్దాంలే అనుకుని నీకు సంతోషం అని రాశాను. చూడలేదు.

కోడ్‌లో అది ఒక్క లైను. కర్ర నుంచి కబురు రాకపోతే పాత అంకెనే చూపించి నిలకడగా ఉంది అని చెప్పు అని. నువ్వు గంట మోగుతోందని తిట్టిన రోజున రాసిన లైను. నవ్వుతూ రాశాను, అక్క ఆవులు బెదరవు ఇక అని. గుమాస్తాకి కూడా అదే నేర్పాను, కబురు రాకపోతే బాగున్నట్టే అని. అంత్యక్రియలకి వచ్చేటప్పటికే లైను సంగతి గుర్తొచ్చింది. తప్పు కర్ర మీదికి నెట్టేస్తూ నీకు ఉత్తరం రాశాను. నీ ఫిర్యాదుని గుమాస్తా మూసేసిందని మాత్రం నిజంగా తెలియదు.

ఆదివారం మొత్తం తీసేస్తున్నాను. డల్సీ అనేది ఎక్కడా ఉండదు. ఆ పేరు కూడా వినలేకపోతున్నాను.

ఇన్నిస్


కొరింబా ఫ్లాట్,
ఏప్రిల్ 26

ఇన్నిస్,

తీసేశావా? తీసేస్తే మళ్లీ పెట్టు. పోస్టు నెమ్మదని ఎక్స్‌ప్రెస్‌లో పంపుతున్నాను. ఆ ఫిజీ మాస్టారి బడి పిల్లలు ఏం చేస్తారు? ఇవతల మనిషి పోయాడని అవతల పిల్లల్ని ముంచుతావా? నీ తల పగలగొట్టుకోవాలంటే ఇంకోలా పగలగొట్టుకో.

ఆ మాట మాత్రం మార్చు. తెలియనప్పుడు తెలియదని చెప్పమను. గంట మోగితే మోగనీ. ఆవులు బెదిరితే బెదరనీ.

నెరిడా


హోబార్ట్,
జూన్ 8

అక్కా,

తీయలేదు. తీయడానికి కూర్చున్నాను, చెయ్యి ఆడలేదు. అంతలో నీ ఉత్తరం వచ్చింది.

ఇప్పుడు కబురు రాకపోతే డల్సీ "తెలియదు" అని చెప్పి గంట మోగిస్తుంది. గుమాస్తాని పీకేశాను. అది మూసేసినవన్నీ తిరిగి తెరిచి ఒక్కొక్కటీ చదువుతున్నాను. నీలాంటిదే ఇంకొకరు కూడా రాసి ఉన్నారు. వాళ్లకి ఏమైందని అడిగాను. ఇంకా జవాబు లేదు. ఏమీ కాలేదులే అనుకోలేకపోతున్నాను.

కొత్తది విడుదల చేసిన రోజు నుంచి తిట్లు మళ్లీ మొదలయ్యాయి. గంట ఊరికే మోగుతోందట. పాతదే బాగుందట. వాటి మధ్యలో ఒకాయన "మా పశువులు బెదురుతున్నాయి" అని రాశాడు. ఆయనకి జవాబు నేనే రాశాను, మా బావ సంగతి చెప్పి. వెల్లింగ్టన్ వాళ్లు మళ్లీ పిలిచారు. ఈసారి వెళ్లి ఆవు కబుర్లు కాకుండా ఇది చెప్పాలనుకుంటున్నాను. బావ పేరు చెప్పొచ్చా? నువ్వు వద్దంటే చెప్పను.

ఇంకొకటి అడగాలి, అడిగే మొహం లేకపోయినా. నన్ను క్షమించగలవా అక్కా?

ఇన్నిస్


కొరింబా ఫ్లాట్,
జూలై 3

ఒరేయ్ ఇన్నిస్,

నిన్న పాలు పితుకుతుంటే గంట మోగింది. ఫోన్‌లో "తెలియదు" అని ఉంది. వాన చుక్క లేదు, ఏరు అడుగున పాకుతోంది. కొత్తగా పాతిన కొలకర్ర మీద కొంగ వాలిందేమో ఎవడికి తెలుసు. అయినా మొత్తం మందని మిట్ట మీదికి తోలుకెళ్లాను. ఆ తర్వాత ఒక్క ఆవు కూడా పాలు చేపలేదు. పక్క పొలం కుర్రాడు పిచ్చిదానిలా చూశాడు. ముసలి డల్సీని పూడ్చిన చోట కూర్చుని గంట ఆగేదాకా ఏరు చూశాను. చాలా రోజుల తర్వాత గట్టిగా ఏడ్చాను.

మీ బావ పేరు చెప్పు. వారిక్ అని పూర్తిగా చెప్పు. ఆయన నీ గురించి పబ్బులో చెప్పినట్టే, గొంతెత్తి చెప్పు.

ఆ గంటని మూయించమని నిన్ను తిట్టింది నేనే. అది కూడా నాకు గుర్తుంది. నీ మీద కోపం వచ్చినప్పుడల్లా అది గుర్తొస్తుంది. అది గుర్తొస్తే నీ మీద ఇంకా కోపం వస్తుంది.

క్షమించగలవా అని అడిగావు. తెలియదు. తెలిసిన రోజున రాస్తాను. ఈలోగా నా నుంచి కబురు లేకపోతే, అక్క నిలకడగా ఉందని మాత్రం అనుకోకు.

నెరిడా